భారత ఫుట్‌బాల్ జట్టుకి సొంతూరు లేదు, మరి విశాఖ ఎందుకు అడగదు?

సంపాదకుడు గారికి నమస్కారం.

భారత ఫుట్‌బాల్ జట్టుకి సొంత గ్రౌండ్ అంటూ ఒకటి లేదు. ఇంగ్లండ్‌కి వెంబ్లీ ఉంది, మనకి అలాంటిదేం లేదు, ఒకసారి కోల్‌కతా, ఇంకోసారి భువనేశ్వర్, మరోసారి షిల్లాంగ్, మధ్యలో గోవా, బెంగళూరు, హైదరాబాద్, ఇలా సంచారమే. ఇది మన ఫుట్‌బాల్ దౌర్భాగ్యం అని మా ఫ్రెండ్స్‌లో కొందరు వాపోతుంటారు గానీ నేను ఒప్పుకోను. స్పెయిన్, జర్మనీ, ఇటలీ జట్లు కూడా ఊరూరా తిరిగే ఆడతాయి, వాళ్లకేం తక్కువైంది? పైగా జట్టు అలా తిరుగుతోంది కాబట్టే మనలాంటి ఊరికి సందు దొరుకుతుంది. సరైన గ్రౌండ్ చూపించి, మాకివ్వండి అని వెంటపడిన ఊరికి మ్యాచ్ వస్తుంది. విశాఖ ఎప్పుడూ గట్టిగా అడిగినట్టు నేను వినలేదు. అడుగుదామన్నా చూపించడానికి గ్రౌండ్ లేదు. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి. భువనేశ్వర్ దాటాక చెన్నై వచ్చేదాకా, మధ్యలో ఇంత పొడుగు తీరం మీద సీనియర్ జట్టు మ్యాచ్ పెట్టదగ్గ ఫుట్‌బాల్ స్టేడియం ఒక్కటీ లేదు. మన రాష్ట్రం వాటా సున్నా. అదే క్రికెట్ అయితే మధురవాడలో 2005లో ధోనీ పాకిస్థాన్ మీద 148 కొట్టిన దగ్గర్నుంచి మనకి లోటే లేదు, అంతకు ముందు కూడా ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో వన్డేలు చూసిన తరం ఇంకా ఉంది. 1988లో న్యూజిలాండ్ మీద శ్రీకాంత్ ఐదు వికెట్లు తీసి మళ్లీ 70 పరుగులు కొట్టిన మ్యాచ్ గురించి మా పెద్దమావయ్య ఇప్పటికీ భోజనాల దగ్గర చెప్తాడు, మేం ఇప్పటికీ వింటాం. కాబట్టి ఈ ఊరికి స్టేడియం నింపడం చేతకాదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

సరే, దేశంలో ఉన్న స్టేడియాల సంగతికొద్దాం. అందరికీ ముందు గుర్తొచ్చేది కోల్‌కతా సాల్ట్ లేక్. 1984లో తెరిచారు. 1997లో అక్కడ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ క్లబ్‌ల ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,781 మంది వచ్చారు, భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. లక్షా ముప్పై వేల మంది! ఇప్పుడు సిమెంట్ మెట్ల బదులు కుర్చీలు బిగించాక అందులో దాదాపు సగం మందే పడతారు, అదీ మంచిదే, ప్రాణాలకి భద్రత ఉండాలి కదా. 2011 సెప్టెంబర్‌లో అర్జెంటీనా, వెనెజువెలా ఆడింది అక్కడే, మెస్సీ కొట్టిన కార్నర్‌కి ఒటమెండి తల పెట్టాడు, 1-0. 2017లో అండర్-17 వరల్డ్ కప్ ఫైనల్ అక్కడే, ఇంగ్లండ్ 5, స్పెయిన్ 2. 2024 జూన్ 6న భారత కెప్టెన్ సునీల్ ఛెత్రి కువైట్ మీద ఆడి వీడ్కోలు చెప్పింది కూడా అక్కడే, గోల్ పడలేదు గానీ గ్యాలరీ కిక్కిరిసిపోయింది. (తర్వాత ఏడాది తిరక్కుండానే ఛెత్రిని మళ్లీ పిలిపించారు, అది ఇంకో కథ, దాని మీద ఇంకో ఉత్తరం రాయాలి.) అదే స్టేడియంలో 2025 డిసెంబర్‌లో మెస్సీని చూపిస్తామని టికెట్లు అమ్మి, ఆయన కాసేపటికే వెళ్లిపోతే జనం కుర్చీలు పీకి విసిరారు. ఒక మ్యాచ్‌కి రావడం వేరు, ఒక మనిషిని చూడ్డానికి రావడం వేరు. నేను అడుగుతున్నది మొదటిదాని కోసం.

2017 వరల్డ్ కప్ మనకి నేర్పిన పాఠం ఒకటుంది, దాన్ని మనవాళ్లు ఎందుకో పెద్దగా పట్టించుకోరు. ఆరు ఊళ్లు, 24 జట్లు, 52 మ్యాచ్‌లు, మొత్తం 13,47,133 మంది ప్రేక్షకులు, ఆ టోర్నీ చరిత్రలోనే అంతమంది రావడం అప్పటికి రికార్డు. జనం లేరన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది. కానీ బ్రెజిల్, ఇంగ్లండ్ సెమీఫైనల్ గువాహటిలో జరగాల్సింది. వానలు పడ్డాయి, గ్రౌండ్ చిత్తడైపోయింది, ఆడించలేమని చేతులెత్తేసి మ్యాచ్‌ని రెండ్రోజుల ముందు కోల్‌కతాకి మార్చేశారు. గువాహటి వాళ్లు టికెట్లు కొనుక్కుని, బ్రెజిల్ వస్తోందని ఊరంతా సంబరపడి, చివరికి టీవీలో చూసుకున్నారు. గ్యాలరీ ఉంది, ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి, డ్రెస్సింగ్ రూములు ఉన్నాయి, గడ్డి కింద నీళ్లు దిగే దారి మాత్రం చాల్లేదు. మన హైదరాబాద్‌కీ ఇలాంటి అనుభవం ఉంది. 2008లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ఛాలెంజ్ కప్ అక్కడే పెట్టారు, వానల దెబ్బకి ఫైనల్ ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి పోయింది, ఛెత్రి హ్యాట్రిక్‌తో మనం తజికిస్థాన్‌ని 4-1తో కొట్టి 2011 ఆసియా కప్‌కి అర్హత సాధించిన ఆ ఫైనల్ హైదరాబాద్ వాళ్ల కళ్ల ముందు జరగాల్సింది.

అందుకే స్టేడియం అనగానే మన నాయకులు ఎన్ని వేల సీట్లు, ఎన్ని కోట్లు అని మొదలుపెడితే నాకు చిరాకు. గ్రౌండ్ అంటే ముందు గడ్డి. 105 మీటర్ల పొడుగు, 68 మీటర్ల వెడల్పు, దాని కింద ఇసుక పొర, కంకర, పైపులు, నీళ్లు పక్కలకి జారేలా కంటికి కనపడనంత వాలు. ఇది బాగుంటే పదివేల సీట్లతో కూడా మ్యాచ్ అడగొచ్చు. ఇది బాగోకపోతే లక్ష సీట్లున్నా ఫొటోలకే పనికొస్తుంది.

ఇక రెండో తలనొప్పి ట్రాక్. మన దేశంలో పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్లనుకుంటున్నవాటిలో చాలావాటి చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది. సాల్ట్ లేక్‌లో ఉంది, ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో ఉంది, బెంగళూరు కంఠీరవలో ఉంది, గచ్చిబౌలిలో ఉంది, భువనేశ్వర్ కళింగలో ఉంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలని కడతారు, చివరికి రెండూ ఎగిరిపోతాయి. కంఠీరవలో ఫుట్‌బాల్ వల్ల ప్రాక్టీసు కుదరడం లేదని అథ్లెట్లు గొడవపడ్డారు, వ్యవహారం కోర్టు దాకా పోయింది. చూసేవాడి బాధ వేరు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో మలేసియాతో మ్యాచ్‌కి నేను, మా తమ్ముడు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. గోల్ వెనకాల గ్యాలరీలో కూర్చున్నాం, అక్కడి నుంచి గోల్‌కి మధ్య ట్రాక్ మలుపు, దాని లోపల ఖాళీ జాగా, తర్వాత అడ్వర్టైజ్‌మెంట్ బోర్డులు, అప్పుడు గానీ గ్రౌండ్ మొదలవ్వదు. మన కీపర్ గుర్‌ప్రీత్ గోల్ వదిలేసి ముందుకి పరిగెత్తడం, మలేసియా ఆటగాడు ఖాళీ గోల్‌లోకి తోసేయడం మాకు అవతలి వైపు ఎక్కడో చీమలాటలా కనిపించింది, ఏం జరిగిందో తెలిసింది ఫోన్‌లో రీప్లే చూసుకున్నాకే. రాహుల్ భేకే కార్నర్‌కి తల పెట్టి స్కోరు సమం చేసినప్పుడు మాత్రం ఎవరికీ ఏ రీప్లే అక్కర్లేకపోయింది, మా ముందు వరసలో ఒకాయన చేతిలో మొక్కజొన్న పొత్తు ఎటుపోయిందో ఆయనకే తెలీదు. 1-1 డ్రా. అర్ధరాత్రి క్యాబ్ దొరక్క లింగంపల్లి దాకా నడుస్తూ మేం మాట్లాడుకున్నదల్లా, ఇదే మ్యాచ్ మనూళ్లో అయ్యుంటే ఈపాటికి ఇంట్లో పెరుగన్నం తింటుండేవాళ్లమని.

గోవా ఫతోర్దాలో ట్రాక్ గోల లేదు, సీట్లు పంతొమ్మిది వేల దాకానే, అందుకే అక్కడ గోల నేరుగా ఆటగాళ్ల చెవుల్లో పడుతుంది. అదే గ్రౌండ్‌లో 2025 అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు పోగొట్టుకున్నాం, అది గ్రౌండ్ తప్పు కాదు లెండి. జట్టు ఇంత చెత్తగా ఆడుతుంటే స్టేడియం ఎందుకంటారా? జట్టు బాగుపడ్డాక కడదాం అనుకుంటే అది ఎప్పటికీ బాగుపడదు, ఆడేవాళ్లు పుట్టేది గ్రౌండ్ ఉన్న చోటే.

మూడోది, క్రికెట్ వాళ్ల గ్రౌండ్ వాడుకోవచ్చు కదా అనేవాళ్ల సంగతి. మధురవాడలో బోలెడు జాగా ఉంది కదా అని మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టారు. అయ్యా, నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో అలా ఆడించిన మాట నిజమే, 2022 అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్ కూడా అక్కడే, స్పెయిన్ కొలంబియాని 1-0తో ఓడించింది. కానీ క్రికెట్ గ్రౌండ్ నడిబొడ్డున మట్టిని రోలర్‌తో తొక్కి తొక్కి రాయిలా చేసిన పిచ్‌లు వరసగా ఉంటాయి. ఫుట్‌బాల్ పెట్టాలంటే అవి తవ్వాలి, క్రికెట్ పెట్టాలంటే మళ్లీ వేయాలి, రెండు ఆటలవాళ్లూ ఏడుస్తారు. 2018లో కొచ్చి కలూర్ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే పెడతామని క్రికెట్ సంఘం అంటే కేరళ ఫుట్‌బాల్ అభిమానులు ఎంత గొడవ చేశారో గుర్తుందా, సచిన్ కూడా వాళ్ల వైపే మాట్లాడాడు, చివరికి వన్డే తిరువనంతపురం వెళ్లింది. ఒక ఊరి జనం గడ్డి కోసం అలా నిలబడ్డం నాకు భలే నచ్చింది. మధురవాడ క్రికెట్‌కే ఉండనివ్వండి.

ఇప్పుడు మన ఊరి పరిస్థితి. మా ఏరియాలో ఒక గ్రౌండ్ ఉంది, పేరు చెప్పను, చెప్తే ఉన్న వాచ్‌మన్ ఉద్యోగానికే ఎసరొస్తుంది. పొద్దున్న ఆరింటికి అక్కడ ఒకేసారి మూడు క్రికెట్ మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి జరుగుతుంటాయి, పక్కన వాకింగ్ అంకుల్స్, ఓ మూల కరాటే క్లాసు. ఫుట్‌బాల్ పిల్లలకి మిగిలేది గోడ పక్కన జానెడు జాగా. నేల ఎర్రమట్టి, అక్కడక్కడా గులకరాళ్లు, గోల్‌కీపర్ డైవ్ కొడితే మోచెయ్యి తోలు లేస్తుంది, అందుకే అక్కడ ఏ కీపరూ డైవ్ కొట్టడు, కాలే పెడతాడు. ఎగ్జిబిషనో, మీటింగో, పెళ్లి రిసెప్షనో జరిగిన మర్నాడు చూడాలి. టెంట్లకి కొట్టిన ఇనప మేకులు సగం పీకి సగం వదిలేస్తారు, గుంటలు పూడ్చరు, భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు వారం దాకా ఎగురుతుంటాయి. ఒక కుర్రాడి పాదంలో మేకు దిగితే ఆ గ్రౌండ్ చూసే ఆఫీసుకి వెళ్లి చెప్పాం, అర్జీ రాసివ్వమన్నారు, ఇచ్చాం, అంతే సంగతులు. అదే సమయంలో ఊరంతా డాబాల మీద, ఖాళీ సైట్లలో ప్లాస్టిక్ గడ్డి పరిచిన టర్ఫ్‌లు వెలిశాయి, గంట లెక్కన డబ్బు కట్టిన పిల్లలే ఆడతారు. డబ్బున్నవాడి పిల్లాడు ఆడటం తప్పని నేననను, కానీ మనోళ్లలో మంచి ఆటగాళ్లెప్పుడూ జాలారిపేటల్లోంచి, రైల్వే క్వార్టర్స్‌లోంచి, పోర్టు కార్మికుల ఇళ్లలోంచే వస్తారు. వాళ్లు గంటకి డబ్బు కట్టి ఆడరు.

తెలుగువాళ్లకి ఫుట్‌బాల్ పట్టదు అనే మాట ఎవరైనా అంటే వాళ్లకి రహీమ్ సాబ్ పేరు తెలీదన్నమాట. హైదరాబాద్ స్కూల్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా ఉండగా 1951, 1962 ఆసియా క్రీడల్లో మనకి స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ అదే గాలి పీల్చి పెరిగారు. ఇప్పుడు గుగులోత్ సౌమ్య నిజామాబాద్ నుంచి వచ్చి భారత అమ్మాయిల జట్టులో ఆడుతోంది. విత్తనం ఉందండీ, నేలే లేదు.

జనం వస్తారా అన్న అనుమానానికి కూడా జవాబు చెప్పేస్తాను. 2018 జూన్‌లో ముంబై అంధేరీ గ్రౌండ్‌లో చైనీస్ తైపీని 5-0తో కొడితే చూసింది 2,569 మంది. ఛెత్రి వీడియో పెట్టి, మమ్మల్ని తిట్టడానికైనా రండి అని బతిమాలాడు. రెండ్రోజులకి కెన్యాతో మ్యాచ్‌కి టికెట్లు అయిపోయాయి, జోరున వాన పడుతున్నా ఎవరూ కదల్లేదు. అదే ఊరు, అదే స్టేడియం! 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మొదటిసారి సీనియర్ జట్టు ఆడితే, మాల్దీవుల మీద 3-0, కొండ మీద చిన్న ఊరు, మన గాజువాక అంత కూడా ఉండదు, గ్యాలరీ నిండిపోయింది. ఇంఫాల్‌లో 2023లో మయన్మార్, కిర్గిజ్‌స్థాన్ వచ్చి ఆడినప్పుడూ అంతే. కళింగలో అదే ఏడాది లెబనాన్‌ని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచాం, నవంబర్‌లో ఖతార్‌తో వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడాం. ఒడిశా ప్రభుత్వం పట్టుబట్టి హాకీ తెచ్చుకుంది, దాంతోపాటే ఫుట్‌బాల్‌నీ తెచ్చుకుంది. మనకన్నా వాళ్లకి సముద్రం ఎక్కువా, హోటళ్లు ఎక్కువా?

నేను అడిగేది వెంబ్లీ కాదు. పదిహేను వేల సీట్లు చాలు, రెండు వైపులా కట్టి మిగతా రెండు వైపులా తర్వాత కట్టుకున్నా ఫర్వాలేదు, ట్రాక్ వద్దు, గ్యాలరీ మొదటి వరస గీతకి దగ్గరగా ఉండాలి. ప్రధాన గ్రౌండ్ పక్కన ప్రాక్టీసు గ్రౌండ్ ఒకటి, అది ఇంకా ముఖ్యం. అసలు గడ్డిని మ్యాచ్‌లకి దాచుకుని, పిల్లల్ని రోజూ పక్కదానిలో ఆడనివ్వచ్చు. మన ఊరి గాలికి ఇనుము ఆగదని బీచ్ రోడ్డులో ఇల్లున్నవాళ్లందరికీ తెలుసు, కిటికీ ఊచలే ఏడాదికోసారి రంగు అడుగుతాయి, మరి ఫ్లడ్‌లైట్ టవర్లకి మామూలు ఇనుము వాడి చేతులు దులుపుకుంటే కుదరదు. తుపాను సంగతీ ముందే చూసుకోవాలి. 2014లో హుద్‌హుద్ దెబ్బకి అక్టోబర్ 14న ఇక్కడ జరగాల్సిన వెస్టిండీస్ వన్డే రద్దయిపోయింది కదా. క్లబ్ ఆటల మధ్య జాతీయ జట్ల మ్యాచ్‌లకని ఫిఫా ఖాళీ ఇచ్చేది మార్చి, జూన్, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో. అక్టోబర్, నవంబర్ అంటే మనకి బంగాళాఖాతం టెన్షన్, జూన్ అంటే ఉక్కపోత, కాబట్టి మనం మార్చి అడగాలి, సాయంత్రం ఏడున్నర మ్యాచ్, బీచ్ గాలి ఉంటుంది, పరీక్షల సీజన్ అని తల్లిదండ్రులు కొంచెం సణుగుతారు, అంతే.

ఏకంగా భారత జట్టునే రమ్మనక్కర్లేదు కూడా. డ్యూరాండ్ కప్ 1888లో మొదలైంది, సైన్యం నడిపే టోర్నీ, ఇప్పుడు గ్రూప్ మ్యాచ్‌లని కోల్‌కతాతోపాటు కోక్రాఝార్, జంషెడ్‌పూర్, షిల్లాంగ్ లాంటి ఊళ్లకి పంచుతున్నారు. తూర్పు నౌకాదళం కేంద్రం ఉన్న ఊరు మనది, నేవీ జట్టు ఆ టోర్నీలో ఆడుతుంది. ఒక గ్రూప్ మాకివ్వండి అని అడగడానికి ఇంతకన్నా ఏం కావాలి? 2016లో ఫ్లీట్ రివ్యూకి, అంటే యుద్ధనౌకల ప్రదర్శనకి, యాభై దేశాల నౌకాదళాల్ని పిలిచి మర్యాదలు చేసిన ఊరికి నాలుగు ఫుట్‌బాల్ జట్లకి బస ఏర్పాటు చేయడం ఓ పనా? అమ్మాయిల జట్టు మ్యాచ్‌లు కూడా అడగాలి, వాళ్లు 2025 జులైలో థాయిలాండ్‌ని వాళ్ల ఊళ్లోనే ఓడించి ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకున్నారు, ఈసారి అబ్బాయిలు చేయలేని పని.

కట్టాక ఎవరు చూస్తారన్నది టెండర్‌లోనే రాయాలి. గడ్డికి రోజూ నీళ్లు, కోత, ఎరువు, నలుగురు పనివాళ్ల జీతాలు, మోటారు కరెంటు బిల్లు, ఇవి రిబ్బన్ కత్తిరించే రోజు ఎవరికీ గుర్తురావు. టెంట్లకి, రిసెప్షన్లకి, రాజకీయ సభలకి ఆ గ్రౌండ్ ఇవ్వం అని కూడా అందులోనే రాసేస్తే పీడా వదులుతుంది. ఏ పార్టీ వాళ్లయినా సరే.

చివరిగా మీ పత్రికకి ఒక విన్నపం. మీ విశాఖ రిపోర్టర్లలో ఒకర్ని వారం రోజులు ఈ పని మీద తిప్పండి: నగరపాలక సంస్థ (జీవీఎంసీ), పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంటు, ఆంధ్రా యూనివర్సిటీ, వీళ్లందరి చేతుల్లో ఉన్న గ్రౌండ్లలో 105 బై 68 మీటర్లు పట్టే గడ్డి గ్రౌండ్ ఏదైనా ఉందా, ఉంటే సాయంత్రం ఐదింటికి దాని గేటు తాళం ఎవరి దగ్గరుంది, మామూలు కాలనీ పిల్లాడు బంతి పట్టుకుని వస్తే లోపలికి పోనిస్తున్నారా. వచ్చిన జవాబుల్ని గ్రౌండ్ పేరుతో సహా జిల్లా ఎడిషన్‌లో వేయండి. అధికారుల్ని ఏమడగాలో అప్పుడు మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం